ఉరిమే పొగ పెంచిన అడవి

విక్టోరియా జలపాతం చూడటానికి వెళ్ళేవారు దయచేసి ఒక్క పూటతో సరిపెట్టుకోకండి. సుమారు 1,700 మీటర్ల వెడల్పు, 108 మీటర్ల ఎత్తు ఉన్న ఆ నీటి గోడ చూసినంతలోనే మనసు నిండిపోతుంది, నిజమే. కానీ దాని ఎదుటి గట్టు మీద ఉన్న అడవికే నేను నా రెండు ఉదయాలూ ఇచ్చాను.

మేము జూన్ మొదట్లో జింబాబ్వే వైపు దిగాం. ఏప్రిల్‌లో జాంబెజి నది పొంగి పారుతుంది. అప్పుడు తుంపర కమ్మేసి జలపాతమే సరిగా కనబడదు. అక్టోబరు, నవంబరుల్లో జాంబియా వైపు చాలా మేర వట్టి రాతి గోడ మిగులుతుంది. జూన్‌లో నీటికీ కొదవ లేదు, చూపుకూ అడ్డం లేదు.

నది ఇరుకైన లోయలోకి దూకగానే లోపలి గాలి పైకి ఎగదన్ని తుంపరను వందల మీటర్ల ఎత్తుకు లేపుతుంది. మోసి-ఓవా-తున్యా, అంటే ఉరిమే పొగ, అని స్థానికులు పిలిచేది దాన్నే. ఆ పొగ ఎదుటి గట్టు మీద వానై రాలుతుంది. అది తడిపినంత మేరే పచ్చటి అడవి. కొద్ది దూరం ఇవతలికి వస్తే ఎండుగడ్డి, మోపానే చెట్లు, కాళ్ళ కింద దుమ్ము.

అక్కడి చెట్లు నాకు కొత్తగా అనిపించలేదు. మన ఈతకూ, మేడికీ, నేరేడుకూ దగ్గరి చుట్టాలు అక్కడ ఉన్నాయి. బీడీ ఆకు తునికికి బంధువైన ఎబొనీ చెట్టు కింద నిలబడి చాలాసేపు తల ఎత్తి చూశాను. కొమ్మల్లో పెద్ద ముక్కు హార్న్‌బిల్ పక్షులు, పొదల్లో బుష్‌బక్ జింకలు. మన అడవులను పట్టి పీడిస్తున్న లాంటానా ఇక్కడా చొరబడింది. అది చూసినప్పుడు మాత్రం మనసు చివుక్కుమంది.

బస విషయంలో మేము పొరబడ్డాం. ఊరికి దూరంగా ఒక లాడ్జి తీసుకున్నాం. ఉదయం ఆరింటికి వస్తానన్న వాహనం ఎనిమిదిన్నరకు వచ్చింది. మర్నాడే ఊళ్ళోని చిన్న అతిథి గృహానికి మారాం. పార్కు గేటుకు నడిచి వెళ్ళవచ్చు, గదులు శుభ్రం, ఖర్చూ తక్కువే. చీకటి పడ్డాక మాత్రం టాక్సీయే మేలు, వీధుల్లోకి ఏనుగులు వస్తాయి. చేతిలో తినుబండారం ఉంటే బబూన్లు లాక్కుపోతాయి.

సాయంత్రపు పడవ షికారులో నీటిగుర్రాలను దగ్గరగా చూశాం, కానీ పడవలో పాటల హోరు భరించలేకపోయాం. తక్కువమంది ఎక్కే చిన్న పడవను అడగండి. జలపాతాన్ని చూసే చోట్లలో ఒకటైన డేంజర్ పాయింట్ దగ్గర రాళ్ళు పాచి పట్టి జారతాయి, పట్టున్న చెప్పులు తప్పనిసరి. కెమెరాకు ప్లాస్టిక్ సంచి కూడా.

పౌర్ణమి రోజుల్లో వెళితే రాత్రి టికెట్టు విడిగా కొనండి. మాకు ఆ అదృష్టం దక్కింది. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు, లోయ మీద వెన్నెల హరివిల్లు తెల్లగా వంగి నిలిచింది. వెనక ఎబొనీ ఆకుల నుంచి నీళ్ళు టపటపా రాలుతుంటే, వానలు లేని ఆ చలికాలపు రాత్రి మేము నిలువునా తడిసిపోయాం.