కార్నియా గాయానికి వెళ్లిన కంటి క్లినిక్: వైద్యం బాగుంది, కొలతే తేడా

నేను లేత్ మీద పనిచేస్తాను. కంట్లో నల్లగుడ్డు ముందుండే పారదర్శక పొర, అదే కార్నియా, మీద ఇనుప రజను పడితే ఈ క్లినిక్‌కి వెళ్లాను. రజను తీసిన తీరుకు వంక పెట్టడానికి లేదు. మత్తు చుక్కలు వేసి, సన్నటి వెలుగు గీత వేసి కన్ను పెద్దదిగా చూసే స్లిట్ ల్యాంప్ అనే మెషిన్‌కి గడ్డం ఆనించమని, నొప్పి తెలియకుండా తీసేశారు. ఆ చుక్కలు ఇంటికి కూడా ఇమ్మంటే ఇవ్వలేదు. మాటిమాటికీ వేసుకుంటే గాయం మానదని ఓపిగ్గా చెప్పారు.

నా అసంతృప్తి కొలత దగ్గరే. మొదటి రోజు డాక్టరుగారు గాయం 3 బై 2 మిల్లీమీటర్లని రాశారు. మర్నాడు ఇంకో డాక్టరమ్మ చూసి 3.5 బై 2.5 అని రాసి, "కాస్త పెరిగినట్టుందండీ" అన్నారు. మానుతుందనుకున్నది పెరిగిందంటే టెన్షన్ రాదా? రెండు వైపులా అర మిల్లీమీటరు పెరిగితే గాయం దాదాపు ఒకటిన్నర రెట్లయినట్టు. కార్నియా మొత్తం అడ్డంగా సుమారు 12 మిల్లీమీటర్లే.

మా షాపులో ఒకే షాఫ్ట్‌కి ఇద్దరు రెండు కొలతలు చెబితే షాఫ్ట్ పెరిగిందనుకోం, ముందు మైక్రోమీటర్ చూస్తాం, పట్టుకున్న చేతిని చూస్తాం. అదే అడిగాను. ఆవిడ విసుక్కోకుండా చెప్పారు. ఫ్లోరెసిన్ అనే రంగు వేసి నీలి వెలుగులో చూస్తే పైపొర లేచిన చోటు పచ్చగా మెరుస్తుంది. వెలుగు గీతను గాయమంత పొడవుకి సర్ది, మెషిన్ మీద స్కేల్ చదువుతారు. రంగు వేశాక ఆలస్యమైతే అది చుట్టూ ఇంకి అంచు అలుక్కుపోతుంది. గాయం వంకరగా ఉంటే ఎటు పొడవో, ఎటు వెడల్పో ఒక్కొక్కరికి ఒక్కోలా అనిపిస్తుంది. ఆ రోజు రంగు వేశాక నేను బయట చాలాసేపే కూర్చున్నాను!

మొదటి రోజు ఫోటో లేదు కాబట్టి నిజంగా పెరిగిందో లేదో ఎవరూ తేల్చలేకపోయారు. ఆవిడ అప్పటికప్పుడు ఫోటో తీయించారు. తర్వాత డాక్టర్లిద్దరూ ఆ ఒక్క ఫోటో మీదే కంప్యూటర్లో అంచు గీసి చూస్తే, తేడా పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గింది. రోగి అడిగాడని ఇద్దరూ కూర్చుని చూడటం నాకు చాలా నచ్చింది.

గాయం మానింది, చూపు బాగుంది. నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఇక్కడికి వెళ్లేవాళ్లు మొదటి రోజే ఫోటో తీయమని అడగండి. వీలైతే ప్రతిసారీ ఒకే డాక్టరు చూసేలా అపాయింట్‌మెంట్ తీసుకోండి, కౌంటర్లో అడిగితే ఇస్తారు.