పనిదినాల రాత్రి వంట: ఆకుకూర పప్పా, గుడ్ల పులుసా, చేపల పులుసా?

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లి వచ్చే ఇంట్లో, రాత్రి ఏడున్నరకు పొయ్యి వెలిగించి ఎనిమిదిన్నరకల్లా నలుగురికి అన్నం వడ్డించాలంటే, నెల్లూరులో ఎక్కువగా తిరిగి తిరిగి వచ్చేవి మూడు వంటలు: ఆకుకూర వేసిన కందిపప్పు, కోడిగుడ్ల పులుసు, చేపల పులుసు. పిండి సిద్ధంగా ఉన్న రోజు దోశ వీటన్నిటికంటే త్వరగా అవుతుంది గాని, ఆ పిండి కోసం ముందురోజే నానబోసి రుబ్బుకోవాలి కనుక దానిని ఈ పోలికలో చేర్చడం లేదు. ఈ మూడింటిలో ఏది చవక అని అడిగితే చాలామంది కిలో ధర చూసి జవాబు చెబుతారు. కొన్న సరుకులో ఎంత గిన్నెలోకి చేరింది, ఆ గిన్నె ఎన్ని పూటలు గడిపింది అన్న రెండు లెక్కలు కూడా వేస్తే జవాబు కొంత మారుతుందని నా అభిప్రాయం.

పప్పు లెక్క తేలికైనది. నలుగురికి ఒక పూటకు 200 గ్రాముల కందిపప్పు సరిపోతుంది. కిలో 140 రూపాయలు అనుకుంటే దానికి 28 రూపాయలు, రెండు కట్టల ఆకుకూరకు మరో 20 రూపాయలు అవుతాయి. ఇంటికి రాగానే పప్పు కడిగి నానబెట్టి, అరగంట తరువాత కుక్కరులో పెడితే నాలుగు విజిళ్లలోపే మెత్తబడుతుంది. నానబెట్టకుండా పెడితే గ్యాసూ సమయమూ రెండూ ఎక్కువ పడతాయి. పులుపు తగిలితే పప్పు ఆలస్యంగా ఉడుకుతుంది కాబట్టి చుక్కకూర, గోంగూర వంటి పుల్లని ఆకులనూ చింతపండునూ పప్పు మెత్తబడిన తరువాతే కలపడం మంచిది. పాలకూర, తోటకూర విషయంలో ఈ పట్టింపు అక్కరలేదు. సమయం మరీ తక్కువగా ఉంటే పెసరపప్పు వాడుకోవచ్చు. అది కుక్కరు లేకుండానే ఉడుకుతుంది.

పప్పు ఎక్కడ కొనాలన్నది ఇంకొంచెం ఆలోచించవలసిన సంగతి. కనిగిరి, మార్కాపురం వైపు మెట్ట భూముల్లో కంది విస్తారంగా పండుతుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో కొత్త కంది మార్కెట్టుకు వస్తుంది కనుక, చోటున్నవారు ఆ తరువాత రెండు మూడు నెలలకు సరిపడా పప్పు తీసి పెట్టుకోవచ్చు. అంతకు మించి నిలవ చేస్తే పురుగు భయం ఒకటి, ఎక్కువ కాలం నిలవున్న పప్పు ఎంత ఉడికించినా మెదగకపోవడం మరొకటి. కిరాణా కొట్టులో తూచి ఇచ్చే పప్పుకు, సూపర్ మార్కెట్టులో దొరికే ప్యాకెట్టుకు మధ్య పన్ను తేడా కూడా ఉంది. 2022 జూలై 18 నుంచి, 25 కిలోల వరకు ముందే కట్టి లేబుల్ వేసిన బియ్యం, పప్పుల మీద 5 శాతం జీఎస్టీ వేశారు; విడిగా తూచి అమ్మే సరుకుకు అది లేదు. బియ్యం కొట్లలో 26 కిలోల బస్తాలు ప్రత్యక్షమవడానికి కారణం ఈ నిబంధనే. అయితే విడి సరుకే ఎప్పుడూ చవక అనుకోవడం సరికాదు. జనాన్ని రప్పించడానికి పప్పు ధరనో నూనె ధరనో బాగా తగ్గించి పెట్టే సూపర్ మార్కెట్లు ఉన్నాయి. ఆ ఒక్క సరుకే కొని బయటికి రాగలిగితే అది మనకు లాభమే, రాగలగడమే కష్టం. ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ అన్న చీటీ కనిపించినప్పుడు, గరిష్ఠ చిల్లర ధర పక్కన గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో ముద్రించిన అంకెను చూసి పక్క ప్యాకెట్టుతో పోల్చుకోవాలి. ఆ అంకె చిన్న అక్షరాల్లో ఉంటుంది, కానీ ఆ ప్యాకెట్టు మీద కొనేవాడికి నిజంగా పనికివచ్చే సమాచారం అదే.

ఆకుకూర సంగతి వేరు. 1999లో మొదలైన రైతు బజార్లలో ఆనాటి ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి కనుక బేరం అవసరం ఉండదు, కట్ట కూడా పెద్దదిగా ఉంటుంది. కాకపోతే మంచి సరుకు పొద్దున్నే అయిపోతుంది. ఉద్యోగం నుంచి తిరిగి వచ్చేవారికి దొరికేది తోపుడు బండి. రాత్రి ఎనిమిది దాటాక బండివాళ్లు ధర తగ్గించి ఇస్తారు, కానీ ఎండాకాలంలో ఆ వేళకు తోటకూర సగం వాడిపోయి ఉంటుంది, ఏరగా మిగిలేది చూస్తే చవక కాస్తా కరిగిపోతుంది. గోంగూర మాత్రం కొంత ఓర్చుకుంటుంది. ఆదివారం రైతు బజారుకు వెళ్లినప్పుడే రెండు మూడు రోజుల ఆకు తెచ్చి, కడగకుండా పొడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్జులో పెట్టుకోవడం బండి దగ్గర తగ్గింపు కోసం కాచుకోవడం కంటే మేలు.

గుడ్ల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. గుడ్డు 7 రూపాయలు అనుకుంటే నలుగురికి ఎనిమిది గుడ్లు 56 రూపాయలు. అందులో ఏరి పారేయవలసినది పెంకు తప్ప మరేమీ లేదు. ముందుగా ఏమీ అనుకోని రాత్రికి, ఇంటికి వచ్చేసరికి బజారు మూసేసిన రాత్రికి ఇదే దిక్కు. ఒక పొయ్యి మీద గుడ్లు ఉడుకుతుండగా రెండో పొయ్యి మీద ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు వేయించి చింతపండు పులుసు పోస్తే ముప్పావుగంటలో వంట పూర్తవుతుంది. ముప్పై గుడ్ల ట్రే తీసుకుంటే గుడ్డుకు కొంత తగ్గుతుంది గాని, మే నెల ఎండల్లో ఫ్రిజ్జులో చోటు లేని ఇంట్లో ఆ తగ్గింపుకు అర్థం లేదు. అనుమానం ఉన్న గుడ్డును నీళ్లలో వేసి చూడాలి: తాజాది అడుగున పడుకుంటుంది, పాతబడుతున్నకొద్దీ నిలబడుతుంది, తేలినదాన్ని పారేయాలి. పులుసు మిగిలితే మర్నాడు పులుసు బాగుంటుంది, గుడ్డు బాగుండదు. మళ్లీ మళ్లీ వేడి చేస్తే తెల్లసొన రబ్బరులా సాగుతుంది.

ఇక చేపలు. ఖర్చూ శ్రమా ఎక్కువని పనిదినాల జాబితాలోంచి చేపను ముందే కొట్టివేస్తారు. నా వాదన ప్రధానంగా అక్కడే. ముందు ఖర్చు ఎంతో ఉన్నదున్నట్టు చూద్దాం. మార్కెట్టులో చేపను ముందు తూచి, తరువాత కోస్తారు. కిలో 200 రూపాయలు పెట్టి బొచ్చె కొంటే, పొలుసూ మొప్పలూ పేగులూ పోయి 700 గ్రాములు చేతికి వచ్చిందనుకుందాం. అప్పుడు నిజమైన ధర కిలోకు 285 రూపాయలు దాటుతుంది. రొయ్యలలో ఈ తేడా ఇంకా ఎక్కువ: తలా పొట్టూ తీస్తే మిగిలేది ఇంచుమించు సగమే. చుట్టూ రొయ్యల చెరువులున్న మన జిల్లాలో రొయ్యలు సులభంగా దొరుకుతాయన్నది నిజమే గాని, కౌంటు ఎంతో, అంటే కిలోకు ఎన్ని తూగుతాయో అడగకుండా ధర ఒక్కటే పోల్చడం వృథా. నూరు కౌంటు చిన్న రొయ్యలు ఒలవడానికి పట్టే సమయాన్ని పనిదినం రాత్రి ఎవరూ భరించలేరు.

చేపను పనిదినం రాత్రి వండనక్కరలేదు, ఆదివారం వండాలి. నెల్లూరు చేపల పులుసు మర్నాటికే బాగుంటుందన్నది ఇక్కడ అందరికీ తెలిసిన మాట. పులుపూ ఉప్పూ కారమూ ముక్క లోపలికి దిగడానికి ఆ వ్యవధి కావాలి. ఆదివారం మధ్యాహ్నానికి సగం, సోమవారం రాత్రికి సగం అని కిలో చేపను రెండు పూటలకు లెక్కిస్తే పూటకు 100 రూపాయలు పడుతుంది. పప్పు, ఆకుకూర కలిపి 48 రూపాయలే కదా అంటారు. కానీ పప్పు వండిన రాత్రి పక్కన ఒక వేపుడో అప్పడాలో లేకపోతే పిల్లలు పళ్లెం ముందు కూర్చోరు. ఆ కూరగాయలు, నూనె, మరో పొయ్యి కలిపితే అంతరం బాగా తగ్గుతుంది. చేపల పులుసుకు తోడు ఏమీ అక్కరలేదు. సోమవారం రాత్రి చేయవలసింది అన్నం వండడం, పులుసు వేడి చేయడం. మూడింటిలో అతి తక్కువ శ్రమ ఆ రాత్రిదే. పప్పు ఈ విషయంలో నిలవదు: మర్నాటికి గట్టిపడి, నీళ్లు పోస్తే రుచి తప్పి, ఎండాకాలంలో బయట ఉంటే పాచిపోతుంది.

పులుసుకు పులుపుంది కదా అని రోహిణి కార్తె ఎండల్లో రాత్రంతా గట్టు మీద వదిలేయకూడదు. చల్లారగానే ఫ్రిజ్జులో పెట్టి, సోమవారం తినబోయేంత మాత్రమే తీసి బాగా మరిగించాలి.

కొనే కాలం కూడా చూసుకోవాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం ఉంటుంది కనుక ఆ రోజుల్లో వంజరం, సందువ వంటి సముద్రపు చేపల ధరలు ఎగబాకుతాయి. పులుసులో వేయడానికి పచ్చి మామిడి బాగా దొరికే వారాలు కూడా కొంతవరకు అవే కావడం ఒక వింత. అప్పుడు చెరువు చేపలతో సరిపెట్టుకోవడం తెలివైన పని. మామిడికాయ ముక్క పడిన పులుసులో బొచ్చె, శీలావతి ఏమాత్రం తీసిపోవు. నీళ్ల తొట్టిలో ప్రాణంతో ఉంచి అమ్మే కొర్రమీను తాజాదనంలో అన్నిటినీ మించుతుంది, కానీ దాని ధర ఈ చవక వంటల పోలికలో ఇమడదు. మార్కెట్టు మూసే వేళకు ధర దిగుతుందని ఆగేవారు మొప్పలు ఎర్రగా ఉన్నాయా, కన్ను తేటగా ఉందా, వేలితో నొక్కితే కండ తిరిగి పైకి లేస్తోందా అని చూడకుండా సంచిలో వేసుకోకూడదు.

కనుక నలుగురున్న ఇంటికి నా లెక్క ఇది: సోమవారం ఆదివారపు చేపల పులుసు, వారం మధ్యలో రెండు రాత్రులు ఆకుకూర పప్పు, బజారుకు వెళ్లడం కుదరని రాత్రి గుడ్లు. శాకాహారులకు చేప స్థానంలో ఆదివారం చేసిన పులగూరో పచ్చిపులుసో పెట్టమని చెప్పలేను, అవి రెండో పూటకు అంత బాగా నిలవవు; వారికి పప్పుదే మొదటి స్థానం. గది తీసుకుని ఒంటరిగా ఉంటున్నవారికి మాత్రం ఈ వరుస తలకిందులవుతుంది. యాభై గ్రాముల పప్పు కోసం కుక్కరు పెట్టడమూ, కిలో చేప కొని నాలుగు పూటలు అదే తినడమూ రెండూ దండగే. వారికి అన్నిటికంటే మేలైనవి, ఎన్ని కావాలంటే అన్నే కొనుక్కోగల గుడ్లు.