22 ఏళ్ళు రైల్లో చదివిన నవలలు, రెండోసారి చదివాక నాకు అనిపించినవి

మా ఇల్లు ఆమదాలవలస, ఉద్యోగం విజయనగరం, అంచేత 22 ఏళ్ళు సీజన్ పాస్ మీదే గడిచిపోయింది నాకు. పొద్దున్నే శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో పాసింజరు ఎక్కితే దూసి, పొందూరు, సిగడాం, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల, అలా ఆగుకుంటూ ఆగుకుంటూ పోను గంటన్నర, రాను గంటన్నర, మధ్యలో ఏ ఎక్స్‌ప్రెస్సుకో దారివ్వడానికి ఆపేస్తే ఇంకో అరగంట. ఆ టైమంతా నవలలే. మొదట్లో విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది, రోజుకి అర్ధరూపాయి, తర్వాత జిల్లా గ్రంథాలయం, ఆ తర్వాత జీతం కాస్త పెరిగాక సొంతంగా కొనుక్కోవడం. ఇప్పుడు రిటైరైపోయి ఇంట్లో ఉన్నాను కాబట్టి అవన్నీ ఒక్కొక్కటీ మళ్ళీ తీసి చదువుతున్నాను, కొన్ని మూడోసారి కూడా.

నాకు తెలిసిందల్లా ఒకటే, నవల సంగతి మొదటిసారి చదివినప్పుడు తేలదు. మొదటిసారి మనల్ని పరిగెత్తించేది తర్వాతేమవుతుందా అన్న ఆత్రం. రెండోసారికి కథంతా తెలిసిపోయి ఉంటుంది, ఆత్రం ఉండదు, అప్పుడు కూడా కింద పెట్టబుద్ధి కాకపోతే అదీ నవల. చదివిన ప్రతిసారీ వెనకట్టమీద పెన్సిల్తో తేదీ వేసుకునే అలవాటు నాకు, ఆ తేదీలు చూసుకుంటుంటే ఏ వయసులో ఏది నచ్చిందో తెలిసిపోతుంది.

యద్దనపూడి సులోచనారాణి గారి సెక్రటరీ పదిహేడేళ్ళప్పుడు చదివాను. మా వీధిలో ఆడపిల్లలం అయిదుగురం ఒకే కాపీని పంచుకుని చదివాం, మధ్యలో కాగితాలు ఊడిపోతే అన్నం మెతుకులతో అంటించాం. అప్పుడు నాకు రాజశేఖరం తప్ప ఏం కనపడలేదు. యాభై ఏళ్ళకి మళ్ళీ తీస్తే రాజశేఖరం కన్నా జయంతే ఎక్కువ కనపడింది. ఉద్యోగానికెళ్ళి తన కాళ్ళమీద నిలబడదామనుకున్న పిల్ల, ఎదుటివాడికెంత డబ్బున్నా సరే తన మాట తను చెప్పగలిగిన పిల్ల. ఆ రోజుల్లో మా అమ్మలెవరూ ఉద్యోగం మొహం చూడలేదు, మేం వెళ్ళాం, ఆ ధైర్యంలో ఈ పుస్తకం వాటా ఎంతో కొంత ఉందని నాకు గట్టి నమ్మకం. ఇలాంటి నవలల్ని ఆడవాళ్ళ కాలక్షేపం అని తీసిపారేసేవాళ్ళంటే నాకు కోపం. కాకపోతే చివరి భాగం రెండోసారికి లాగినట్టనిపించింది, అపార్థాల మీద అపార్థాలు, ఒక్క మాట కూర్చుని చెప్పుకుంటే తీరిపోయేవి.

యండమూరి గారి తులసిదళం చదివినన్నాళ్ళూ రాత్రి పెరట్లోకి వెళ్ళలేదు నేను, అంత భయపెట్టింది. రెండోసారి సగంలో ఆపేశాను. భయం ఒక్కసారికే.

చివరకు మిగిలేది ఇరవై ఏళ్ళప్పుడు మొదలెట్టి వదిలేశాను, ఈ దయానిధి ఎందుకింత ఆలోచిస్తాడు, ఏదో ఒకటి చెయ్యొచ్చు కదా అని విసుగొచ్చి. ముప్పై ఎనిమిదేళ్ళకి, మా అమ్మ పోయిన సంవత్సరం, మళ్ళీ పట్టుకుంటే వదల్లేదు. తల్లి గురించి ఊరంతా ఏదో అనుకుంటుంటే ఆ నీడ కొడుకు మీద జీవితమంతా ఎలా పడుతుందో బుచ్చిబాబు గారు రాసినట్టు ఇంకెవరూ రాయలేదు నేను చదివినంతలో. అమృతం అనే ఆవిడ వచ్చే పేజీలైతే రైలు చీపురుపల్లిలో ఆగిందో లేదో కూడా తెలీలేదు. గోపీచంద్ గారి అసమర్థుని జీవయాత్ర సంగతి దీనికి తిరగబడింది. అది కాలేజీలో చదివి సీతారామారావు మీద ఎంత జాలిపడ్డానో, ఎంత సున్నితమైన మనిషి, లోకం అర్థం చేసుకోలేదు అని. పెళ్ళై ఇద్దరు పిల్లలు పుట్టాక చదివితే జాలంతా ఆయన భార్య మీదకి పోయింది. ఆస్తి పోగొట్టుకుని, ఉద్యోగం చెయ్యక, ఇంట్లో వాళ్ళని మాటల్తో పొడిచే మనిషిని భరించడమంటే ఏటో ఆ పుస్తకంలో ఒక్కో చోట రెండు వాక్యాల్లో తెలిసిపోతుంది, అవి నేను మొదటిసారి చూడనే లేదు. పుస్తకం గొప్పదే, నేనే అప్పుడు చిన్నదాన్ని.

ఇంక రావిశాస్త్రి గారి అల్పజీవి. ఆయన పుట్టింది మా శ్రీకాకుళంలోనే, ప్లీడరీ చేసిందీ పేరొచ్చిందీ విశాఖపట్నంలో. సుబ్బయ్య అనే గుమాస్తా, బావమరిది మాట విని కంట్రాక్టరు గవరయ్య దగ్గర డబ్బు తెచ్చి ఇరుక్కుపోతాడు. కథ చెప్పమంటే ఇంతే. కానీ ఆ పుస్తకం నిండా ఉన్నది భయం. ఆఫీసరంటే భయం, బావమరిదంటే భయం, వీధిలో ఎదురొచ్చేవాడంటే భయం, తన నీడంటే భయం. నేను అది చదివిన రోజు నాకింకా గుర్తు. నా బేగులో ఒక లీవు లెటరు ఉంది, పిల్లాడికి జ్వరం, రెండ్రోజులు సెలవు కావాలి, ఆ ముక్క రాయడానికి ముందు రాత్రి నాలుగు కాగితాలు చింపాను, 'దయచేసి' అన్న మాట ఒకసారి రాయాలా రెండుసార్లు రాయాలా అని. రైల్లో సుబ్బయ్య గురించి చదువుతూ చదువుతూ ఆ లెటరు బయటకి తీసి చూసుకున్నాను. చేతిరాత కూడా వణికినట్టే ఉంది. ఆ రోజు ఆఫీసుకెళ్ళి బల్ల మీద పెట్టి, నిలబడకుండా వచ్చేసి నా సీట్లో కూర్చున్నాను, ఏమీ కాలేదు, సంతకం పెట్టి పంపించారు. ఒక నవల మనిషిని ధైర్యవంతుణ్ణి చేస్తుందని నేను అనను గానీ, మన భయం మొహం మనకి చూపించినప్పుడు అది కొంచెం చిన్నదౌతుంది. ఇప్పటికి నాలుగుసార్లు చదివాను, 1950ల నాటి పుస్తకం, ఈరోజు ఏ ఆఫీసుకెళ్ళినా సుబ్బయ్యలు కనపడతారు, కంప్యూటర్ల ముందు కూర్చుని ఉంటారంతే.

ఎక్కువమందికి తెలియాల్సినంత తెలీదని నాకు బాధగా ఉండేది వాసిరెడ్డి సీతాదేవి గారి మట్టి మనిషి. సాంబయ్య అని, కూలివాడి కొడుకు, ఎకరం ఎకరం కూడబెట్టి రైతవుతాడు, పెద్దింటి సంబంధం కావాలని పట్టుబట్టి వరూధినిని కోడలిగా తెచ్చుకుంటాడు, ఆ సంబంధమే కొంప ముంచుతుంది. మా అమ్మావాళ్ళది నాగావళి ఒడ్డున పల్లె, మా తాత కూడా అచ్చం అంతే, మట్టి ముద్ద చేతిలో నలిపి వాసన చూసి నాగలి కట్టాలో వద్దో చెప్పేవాడు, అంచేత సాంబయ్య నాకు గుంటూరు వైపు మనిషిలా అనిపించలేదు ఎప్పుడూ. ఆయన మొండితనం తప్పని తెలుస్తూనే ఉంటుంది, అయినా మనసొప్పదు తప్పుపట్టడానికి. నాకొక అభ్యంతరం కూడా ఉంది, వరూధినిని మరీ ఒకే రంగులో చూపించారు, ఆ అమ్మాయికీ ఓ మనసుంటుంది కదా, ఆమె వైపు నుంచి ఒక్క చాప్టరైనా ఉండుంటే బాగుండును.

ఈ పుస్తకంతోనే నాకొక అవస్థ వచ్చింది. ఎప్పుడో కొన్న కాపీలో ఒక ఫారం రెండుసార్లు కుట్టేసి ఇంకో ఫారం వదిలేశారు, అంటే 16 పేజీలు రెండేసి ఉన్నాయి, తర్వాతి 16 పేజీలు లేనే లేవు. కొన్న చోట అడిగితే అమ్మేసింది వెనక్కి తీసుకోం అన్నారు, వేసినవాళ్ళకి కార్డు రాస్తే జవాబు లేదు. డబ్బులు పోయినందుకు కాదు, చదువుతూ చదువుతూ మంచి పట్టులో ఉండగా గోతిలో పడ్డట్టైంది. అప్పుడు గ్రంథాలయం కాపీ తెచ్చుకుని ఆ 16 పేజీలూ రూళ్ళ కాగితాల మీద నా చేత్తో రాసుకున్నాను, రెండు ఆదివారాలు పట్టింది, రాసి, బెజ్జాలు పొడిచి, దారంతో ఆ చోటే కుట్టేశాను. రాస్తుంటే తెలిసింది ఏటంటే సీతాదేవి గారి వాక్యాలు ఎంత పొట్టిగా, ఎంత పని జరిగేలా ఉంటాయో. కళ్ళతో చదివినప్పుడు జారిపోయేవన్నీ చేత్తో రాసేసరికి ఆగి ఆగి కనపడ్డాయి. ఇప్పటికీ నా దగ్గరున్న కాపీ అదే, కొత్తది కొనలేదు.

వేయిపడగలు గురించి చాలామంది అడుగుతారు చదివావా చదివావా అని. చదివాను, రెండుసార్లు, రెండోసారి ఒక వర్షాకాలం మొత్తం పట్టింది. 29 రోజుల్లో చెప్పి రాయించారంటారు విశ్వనాథ వారు అంత పుస్తకాన్ని, పీవీ నరసింహారావు గారు హిందీలోకి సహస్రఫణ్ అని అనువదించారు. విశ్వనాథ వారు చెప్పే ధర్మం, కులాల కట్టుబాటు, పాతదంతా మంచిదన్న పట్టుదల, ఇవి నాకు నచ్చవు, దాచుకోవడం ఎందుకు. కానీ పసిరిక అనే పాత్ర వచ్చే పేజీలు, సుబ్బన్నపేట వైభవం తగ్గిపోతుంటే వచ్చే దిగులు, అవి చదువుతుంటే మనతో వాదించే పెద్దాయన ఒక్కసారిగా గొంతు తగ్గించి ఇంట్లో సంగతి చెప్పుకున్నట్టుంటుంది. ఓపికుంటేనే పట్టుకోండి. మాలపల్లి కూడా అంతే, 1922 నాటి పుస్తకం, ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైల్లో రాశారు, ఇంగ్లీషువాళ్ళ ప్రభుత్వం నిషేధించింది, ఉపన్యాసాల చోట్ల నేను పేజీలు తిప్పేశాను, కానీ సంగదాసు చావు దగ్గర తిప్పలేకపోయాను.

కేశవరెడ్డి గారి అతడు అడవిని జయించాడు సన్న పుస్తకం, పొద్దున్న రైల్లో మొదలెడితే సాయంత్రం రైల్లో అయిపోతుంది. ఒక ముసలాయన, పందులు కాసుకునేవాడు, సాయంత్రానికి ఒక తల్లిపంది ఇంటికి రాకపోతే వెతుక్కుంటూ అడవిలోకి పోతాడు. అంతే. ఆ రాత్రి, ఆ నక్కలు, ఆ అడవి. అది చదివిన సాయంత్రం దూసి దాటాక బయట చీకట్లో తుప్పలు కనపడుతుంటే కిటికీ దించేశాను నేను. ముగింపు చెప్పను. అంత తక్కువ మాటల్లో అంత పెద్ద బతుకు ఎలా పట్టిందో నాకు అర్థం కాదు, కేశవరెడ్డి గారు డాక్టరు కూడా, బహుశా రోగి ఒంటిని చూసినట్టే చూశారేమో ఆ ముసలాయన్ని.

మా శ్రీకాకుళమంటే అందరూ కథలే అంటారు, కారా మాస్టారు, అంటే కాళీపట్నం రామారావు గారు, 1997లో కథల కోసమే కథానిలయం అని గ్రంథాలయం పెట్టారు కదా, నిజమే, నేనూ వెళ్ళాను, అక్కడి బీరువాల మధ్య నిలబడితే మాట పెగల్లేదు. కానీ నవలలో మన మాట వినాలంటే మాత్రం నాకు పతంజలి గారే. కె.ఎన్.వై. పతంజలి, ఊరు అలమండ. విజయనగరం నుంచి కొత్తవలస వైపు వెళ్తుంటే కోరుకొండ తర్వాత వచ్చే స్టేషనే. పత్రికల్లో పనిచేశారు, 2009లో పోయారు. పోలీసుల మీద రాసిన ఖాకీవనం వేరే సంగతి, అది చదివితే ఒళ్ళు మండుతుంది. వీరబొబ్బిలి అలా కాదు. రాజుల లోగిలి, అందులో వీరబొబ్బిలి అని ఒక కుక్క, ఆ కుక్కకీ రాజులకున్నంత అభిమానం. మొదటిసారి రైల్లో చదివి పైకి నవ్వేస్తే ఎదురు సీటాయన చీపురుపల్లి దాకా నావైపే చూశాడు.

రెండోసారి చదివింది నాకోసం కాదు, మా నాన్న కోసం. ఆయన పుట్టింది అలమండ పక్క పల్లెలో. కళ్ళ ఆపరేషన్ చేయించుకుని కట్టు కట్టుకుని మంచమ్మీద ఉన్నారు, పేపరు లేక, టీవీ లేక విసుగెత్తిపోయి ఉన్నారు. ఆయన నవలలు చదివే మనిషి కాదు, పంచాంగం, పేపరు, అంతే. సరే వినండి నాన్నా అని మొదలెట్టాను. రెండు పేజీలు అయ్యేసరికి "ఆగాగు, ఆ ముక్క మళ్ళీ సదువు" అన్నారు. చదివాను. "ఈ మాటలు ఈ బాబుకెలాగ తెలిసాయే" అన్నారు. ఆయనది అలమండే నాన్నా అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మన మాటలు కూడా పుస్తకంలో ఏస్తారా" అన్నారు. డెబ్బై ఆరేళ్ళు ఆయనకప్పుడు. జీవితమంతా ఆఫీసర్ల ముందు, బడిలో, ఆస్పత్రిలో తన మాట తప్పేమోనని కుదించుకుని మాట్లాడిన మనిషి, పెళ్ళికి కృష్ణా జిల్లా చుట్టాలొస్తే నోరు విప్పని మనిషి. ఆ అయిదు రోజులూ ఆయన పడీపడీ నవ్వడం, మధ్యలో ఆపి అలాంటి రాజులు తను చూసినవాళ్ళు ఎవరెవరో చెప్పడం, సగం పుస్తకం ఆయనే చెప్పారు.

అందుకే ఆ పుస్తకం వెనకట్టమీద రెండో తేదీ పక్కన నాన్న అని రాసుకున్నాను. పతంజలి గారిదే గోపాత్రుడు కూడా చదివి వినిపించాను ఆ తర్వాత, భూమి గుండ్రంగా లేదు బల్లపరుపుగా ఉందని ఊళ్ళో గొడవ లేస్తుంది చూడండి, అది వినేసి "ఆడు సెప్పింది కూడా ఇనాలి కదా మరి" అన్నారు సీరియస్ గా. పతంజలి గారి పుస్తకాల్లో నాకు నచ్చనిది కూడా చెప్పాలి, ఆడవాళ్ళు బాగా తక్కువ కనపడతారు, ఆ లోగిళ్ళలో వంటింటి వైపు ఏం జరిగిందో ఆయన రాసుంటే ఇంకెంత బాగుండేదో.

పోయిన నెల మా మేనకోడలు వచ్చింది, విశాఖపట్నంలో చదువుకుంటోంది, తెలుగు నవల ఒక్కటీ చదవలేదట, ఏది చదవమంటావు అత్తా అని కాదు, ఏదైనా ఒకటి ఇయ్యి అంది. అరగంట బీరువా ముందు నిలబడ్డాను. అల్పజీవి తీశాను, మళ్ళీ పెట్టేశాను, ఉద్యోగంలో చేరాక ఇద్దామని. మట్టి మనిషి ఇవ్వడానికి మనసు రాలేదు, కుట్టిన కాగితాలు ఊడతాయని. చివరికి వీరబొబ్బిలి ఇచ్చాను. సాయంత్రం రైలెక్కింది, పొందూరు దాటగానే ఫోను చేసింది, "అత్తా, ఇది మనసులో చదువుతుంటే అర్థం అవట్లేదు, పక్కన జనం ఉన్నారు, ఏం చెయ్యను" అని.

పైకే చదువమ్మా అన్నాను.