బేస్ కరిగించడమా, నూనెతో మొదలుపెట్టడమా?

ఇంట్లో సబ్బుల పని పెట్టాలంటే దారులు రెండు. రెడీమేడ్ బేస్, అంటే ముందే తయారైన సబ్బు దిమ్మ, కొని కరిగించి, వాసన కలిపి అచ్చులో పోస్తే సాయంత్రానికి సబ్బు చేతికొస్తుంది. కాస్టిక్ సోడా ముట్టక్కర్లేదు. పెళ్లి ఆర్డర్ హడావుడిగా వస్తే ఇదే దిక్కు. కాకపోతే శ్రీకాకుళం ఉక్కకు, బేస్‌లోని గ్లిజరిన్ తేమ పీల్చి సబ్బుకు చెమటలు పడతాయి. వెంటనే కవరు చుట్టేయాలి.

నా ఓటు మాత్రం రెండో దారి కోల్డ్ ప్రాసెస్‌కే, అంటే నూనెలో కాస్టిక్ సోడా నీళ్లు కలిపి సబ్బు చేయడానికే. ఉద్దానం కొబ్బరి పక్కనే పెట్టుకుని ఎక్కడిదో బేస్ తెప్పించుకోవడమేంటి? కిలో కొబ్బరి నూనె పూర్తిగా సబ్బు కావడానికి దాదాపు 183 గ్రాముల కాస్టిక్ సోడా పడుతుంది. ఒంటి సబ్బుకు 20 శాతం తగ్గించి 146 గ్రాములు వేస్తే కొంత నూనె మిగిలి చర్మం ఎండిపోదు. గ్లాసు కొలతలు వద్దు, గ్రాముల తూకమే. సోడాను నీళ్లలో వేయాలి, నీళ్లను సోడాలో పోయకూడదు. అల్యూమినియం గిన్నె అసలే పనికిరాదు, స్టీలుదే వాడాలి.

టెన్షన్ అంతా ఆరబెట్టడంలోనే: 4 నుంచి 6 వారాలు. అన్నాళ్లూ పెట్టుబడి అటక మీదే.

అమ్మకానికైతే, ఏ దారైనా కాస్మెటిక్స్ రూల్స్ 2020 కింద తయారీ లైసెన్సు తీసుకోవాలి.