గిటార్ ప్రాసెసర్‌తో మూడేళ్ళు: ఆంప్ మార్చితే చాలు, వాల్యూమ్ గోల

గిటార్ శబ్దాన్ని రకరకాల ఆంప్లిఫయర్లలోంచి వచ్చినట్టు మార్చే డబ్బా ఈ ప్రాసెసర్. కొన్న కొత్తలో మా ఆర్కెస్ట్రా గ్రూపులో పెద్ద పొగడ్త ఒకటి పెట్టాను. ఇంత చిన్న డబ్బాలో ఇన్ని ఆంప్‌లా, ఇక జన్మలో ఇంకోటి కొనక్కర్లేదు అని. ఆ మెసేజ్‌ని మావాళ్ళు ఇప్పటికీ స్క్రీన్‌షాట్ తీసి నాకే పంపుతుంటారు. డబ్బా మంచిదే. ఎఫెక్టులు, బరువు, స్క్రీన్ గురించి ఇప్పటికే అందరూ చెప్పేశారు, నేను చెప్పను. కర్నూల్లో ఉంటూ ముహూర్తాల రోజుల్లో రిసెప్షన్లకీ, ఆదివారం చర్చిలోనూ వాయిస్తుంటాను. నా గొడవ ఒక్కటే. ఆంప్ మోడల్, అంటే ఇందులో ఉన్న ఆంప్ నకలు, మార్చితే వాల్యూమ్ మారిపోతుంది. కొంచెం కాదు.

మొదట ఇంట్లోనే తెలిసింది. రాత్రి పదకొండింటికి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ట్విన్ రివర్బ్ మోడల్ మీద మెల్లగా మీటుతూ, పక్కనున్న హైగెయిన్ ఆంప్‌కి, అంటే శబ్దాన్ని బాగా చించేదానికి, తిప్పాను. హెడ్‌ఫోన్స్ పీకి పరుపు మీద పడేశాను. సరే, చెవికి సమానంగా ఉండేలా సర్దుకుందామని రెండు రాత్రులు కూర్చుని అన్నీ సర్దాను. పని అయిపోయిందనుకున్నాను.

తర్వాత ఆదోని. ఒక పత్తి వ్యాపారి ఇంటి రిసెప్షన్. మేం చేరేసరికే ఆలస్యం, సౌండ్ చెక్ అంటే ‘హలో హలో, మైక్ టెస్టింగ్’ మటుకే. స్టేజి మీద నాకు ఆంప్ ఉండదు, ప్రాసెసర్ నుంచి కేబుల్ నేరుగా మిక్సర్‌కి పోతుంది. రెండో పాట పల్లవి అంతా క్లీన్, అంటే చిరగని శుభ్రమైన టోన్. ఇంట్లో ఒద్దికగా ఉన్న ఆ క్లీన్ హాల్లో గంట కొట్టినట్టు మోగింది. ప్రతి మీటుకీ టంగుమని గాయకుడి గొంతు మీదికెక్కుతోంది. ఆపరేటర్ ఊరుకుంటాడా, మిక్సర్ మీద నా శబ్దం తగ్గించే ఫేడర్ సగానికి లాగేశాడు. అది నేను చూడలేదు. చరణానికి ముందు బిట్ నాది. హైగెయిన్‌కి మారడానికి ఫుట్‌స్విచ్ తొక్కాను, కళ్ళు మూసుకున్నాను, తీగ లాగాను. ఏమీ లేదు. రిథమ్ ప్యాడ్స్ వినిపిస్తున్నాయి, కీబోర్డ్ వినిపిస్తోంది, నేను లేను. ఆపరేటర్ వైపు చూస్తే ఆయన చెయ్యి తిప్పుతూ “యాడ పోయె సామీ, వైరు ఊడిందా?” అని అరుస్తున్నాడు. వంగి వైరు చూసుకునేసరికి నా బిట్ అయిపోయింది. మళ్ళీ క్లీన్‌కి వచ్చాను. ఈలోగా ఆయన పాపం ఫేడర్ పైకి తోసి ఉన్నాడు. టంగ్!

పెళ్ళివాళ్ళ వీడియోలో అదంతా ఉంది. మొహంలో భావం ఉప్పొంగుతోంది, వేళ్ళు ఆడుతున్నాయి, గిటార్ మటుకు వినపడదు. మా ఆవిడ చూసి “బాగానే యాక్షన్ చేసినారు” అంది.

ఇందులో తయారు చేసినవాళ్ళ మోసమేమీ లేదని తర్వాత అర్థమైంది, అయినా కోపం పోలేదు. అసలు ఆంప్‌లకే ఒకదానితో ఒకటి పొంతన లేదు. 85 వాట్ల ట్విన్ రివర్బ్ చాలా దూరం పెంచినా శుభ్రంగానే ఉంటుంది. 30 వాట్ల పాత వాక్స్ ఏసీ30కి మాస్టర్ వాల్యూమ్, అంటే చివర్లో మొత్తం శబ్దాన్ని సర్దే నాబ్, లేదు. దాని వాల్యూమ్ తిప్పితే కొంతదాకా శబ్దం పెరుగుతుంది, ఆపైన చిరగడమే. 1981లో వచ్చిన మార్షల్ జేసీఎం800కి ఎంత చిరగాలో చూసే గెయిన్ వేరు, మాస్టర్ వేరు. మోడల్ చేసినవాళ్ళు ఈ నాబ్‌ల గుణాల్ని కూడా దించేశారు. అన్నిటినీ 5 దగ్గర పెట్టి ఒకేలా మోగమంటే కర్నూలు సోనాకీ కొర్రలకీ ఒకే కొలత నీళ్ళు పోసినట్టు.

స్క్రీన్ మీద మీటరు చూసి సమం చేద్దామన్నా కుదరదు. క్లీన్‌లో మీటిన క్షణం శబ్దం ఎగిరి వెంటనే పడిపోతుంది. డిస్టార్షన్‌లో, అంటే చిరిగిన శబ్దంలో, ఆ ఎగురుడు నరికేసి ఉంటుంది, కానీ చదునుగా సాగుతూనే ఉంటుంది. అందుకే మీటరు రెండింటినీ ఒకే ఎత్తులో చూపించినా చెవికి రెండోదే పెద్దది. హెడ్‌ఫోన్స్‌లో నేను దాన్ని అంత తగ్గించింది ఇందుకే. పైగా తక్కువ శబ్దంలో మన చెవికి బేస్ సరిగా అందదు. 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు కొలిచి చూపించిన సంగతి ఇది. నేనేమో రాత్రిపూట లీడ్‌కి, అంటే సోలో వాయించే హైగెయిన్ టోన్‌కి, బేస్ దండిగా పెంచి, మిడ్స్ (మధ్య స్థాయి ధ్వనులు) తగ్గించాను. హాల్లో ఆ బేస్ కాస్తా ప్యాడ్స్‌లో, బేస్ గిటార్‌లో కలిసిపోయింది. సోలోని పైకి తెచ్చేవి మిడ్స్. అవే లేవు.

మందు దొరికింది ఆదివారం ఆరాధన అయ్యాక, ఖాళీ చర్చిలో. ఈ డబ్బాలో నాకు నిజంగా నచ్చిన సంగతి అప్పుడే బయటపడింది. లూపర్‌ని ఆంప్‌కి ముందుకి జరపొచ్చు. ఒక ముక్క వాయించి రికార్డు చేస్తే, ఆంప్ తగలని పచ్చి గిటార్ అందులో తిరుగుతూ ఉంటుంది. ఇక ఎన్ని ఆంప్‌లు మార్చినా వాయింపు అదే, నా చెయ్యి ఎక్కువ తక్కువ పడిందన్న అనుమానం లేదు. డ్రమ్స్ వాయించే పిల్లవాణ్ణి ప్రాసెసర్ దగ్గర కూర్చోబెట్టి నేను వెనక బెంచీల దగ్గర నిలబడ్డాను. “మార్చు... తగ్గించు... ఇంకొంచెం రా.” ముందు క్లీన్‌ని ఖాయం చేశాం. ఎగిరేది అదే కాబట్టి పైకి పెంచడానికి చోటు తక్కువ. మిగతావాటిని దాని దగ్గరికి తెచ్చాం. తిప్పింది టోన్ మారకుండా శబ్దం మటుకే మార్చే చానెల్ వాల్యూమ్ ఒక్కటే, గెయిన్, మాస్టర్ ముట్టుకుంటే టోనే మారిపోతుంది. తర్వాత వాణ్ణి డ్రమ్స్ మీదికి పంపి, లీడ్‌కి బేస్ కోసి, మిడ్స్ పెంచి, సోలోకి 3 డెసిబెల్స్ అదనంగా ఇచ్చాను. అంకెలన్నీ ప్లాస్టర్ మీద స్కెచ్ పెన్‌తో రాసి డబ్బాకి అంటించాను. గంటన్నర పని. చానెల్ వాల్యూమ్ సంగతి మాన్యువల్‌లో ఒకే ఒక్క వాక్యంలో ఉంది. రెండేళ్ళు చదవకపోవడం నా తప్పే. దాన్ని అంత మూలకి తోయడం మటుకు వాళ్ళ తప్పు.

‘ఇన్ని ఆంప్‌లా’ అని పొగిడినవాడికి ఇప్పుడు మిగిలింది మూడు. మిగతావాటిని సమం చేసే ఓపిక లేదు. ఇంట్లో వాయించుకునేవాళ్ళకి ఇదంతా సమస్యే కాకపోవచ్చు, స్టేజి మీద సొంత ఆంప్ పెట్టుకునేవాళ్ళ లెక్క వేరు. పగలు ఉద్యోగం, సాయంత్రం ప్రోగ్రామ్ ఉన్న నాలాంటివాడు కొంటే మటుకు, మొదటి ప్రోగ్రామ్‌కి ముందు ఎక్కడైనా ఒక ఖాళీ హాలు చూసుకోవాలి. మళ్ళీ కొంటావా అంటే, ఈ ధరలో కొంటాననే అనుకుంటాను.

అయితే మొన్న డోన్ ప్రోగ్రామ్‌కి హంబకర్ల గిటార్, అంటే గట్టి సిగ్నల్ ఇచ్చే పికప్‌లున్నది, ఒకటి అరువు తెచ్చుకుని వెళ్ళాను. నాది సింగిల్ కాయిల్, సిగ్నల్ తక్కువ. క్లీన్ కాస్తా చిరగడం మొదలైంది, సోలో మీద ఇచ్చిన 3 డెసిబెల్స్ ఏమయ్యాయో తెలియలేదు. ఆ గిటార్‌కి ఇంకో ప్లాస్టర్ అంటించాలి. చర్చి తాళం ఎప్పుడిస్తారో అడగాలి.