క్లియర్ బౌల్ వాటర్ సెపరేటర్: రెండేళ్ల పైచిలుకు వాడాక

మాది పది టైర్ల బీఎస్ 4 (పొగ మీద ప్రభుత్వ ప్రమాణం) లారీ. ఎర్రగుంట్లలో సిమెంటు ఎత్తుకుని కడప, రాయచోటి మీదుగా మదనపల్లె వైపు తిరుగుతుంటుంది. డీజిల్ ట్యాంకుకీ, అందులోంచి డీజిల్ లాగే ఫీడ్ పంపుకీ మధ్య, ఛాసిస్ పక్కన, డీజిల్‌లోని నీళ్లను వేరుచేసే ఈ సెపరేటర్ బిగించి రెండేళ్లు దాటింది. పైన చేతి ప్రైమర్ (చేత్తో ఆడించి డీజిల్ లాగే చిన్న పంపు), మధ్యలో ఫిల్టర్, అడుగున లోపలిది కనిపించే బౌల్, దాని కింద డ్రెయిన్ స్క్రూ. అంతే సరుకు. మైలేజీ పెరుగుతుందని షాపులో చెప్పారు. పెరగలేదు, పెరగడానికి కారణం కూడా లేదు. నేను దీనికి మార్కులు వేసేది వేరే పనికి: బండి లాగనప్పుడు రోగం ట్యాంకు వైపు ఉందా, పంపు వైపు ఉందా అనేది కంటికి చూపిస్తుంది.

ఇది బిగించక ముందు పొద్దున్నే సెల్ఫ్ ఎంత కొట్టినా బండి ఒక పట్టాన అందుకునేది కాదు. లోడుతో గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే పికప్ పడిపోయి, వెనక బస్సులన్నీ హారన్ల మోత. (ఘాట్ దాటాక పాలకోవా కోసం ఆగడం మా డ్రైవర్‌కు అలవాటు, ఆ రోజుల్లో దానికీ మనసు ఉండేది కాదు.) షెడ్డులో చూసి హై ప్రెషర్ పంపు (డీజిల్‌ను గట్టి ఒత్తిడితో ఇంజన్‌కు పంపేది) పోయింది, ఇంజెక్టర్లు (ఆ డీజిల్‌ను ఇంజన్‌లోకి చిమ్మేవి) కూడా విప్పాలి అన్నారు. ఆ ఎస్టిమేట్ వింటేనే టెన్షన్. పంపు జోలికి పోకముందు ఇది బిగించి చూద్దామనుకున్నా.

బిగించిన మర్నాడు తెల్లారి చూస్తే బౌల్‌లో సగానికి పైగా ఖాళీ. రాత్రి నిండుగా ఉన్న డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోయింది. బండి స్టార్ట్ చేసి రేజ్ చేస్తే సోడాలో లాగా బుడగల వరస. అంటే గాలి బౌల్‌కు ముందే, ట్యాంకు వైపే పడుతోంది. వెతికితే ట్యాంకు పైన బాంజో బోల్టు (పైపును బిగించే, డీజిల్ పారే బోలు బోల్టు) దగ్గర హోస్‌కు క్లిప్పు కింద సన్నటి పగులు. హోస్, రెండు కాపర్ వాషర్లు మార్చి, ప్రైమర్‌తో గాలి తీసేస్తే పొద్దుటి తంటా, ఘాట్ తంటా రెండూ పోయాయి. పంపు ఇప్పటికీ పాతదే.

ఇక్కడ చాలామంది మోసపోయేది తడి కోసం వెతికి. ఫీడ్ పంపు డీజిల్‌ను పీల్చుకునే వైపు పగులుంటే డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. పైపు పొడిగా ఉందని వదిలేస్తే రోగం దొరకదు.

మొన్న ఎండాకాలంలో ఇంకో రకం తంటా. కొంత దూరం బాగా పోయి బండి మెల్లగా చచ్చుబడేది. బౌల్ నిండుగానే ఉంది, బుడగ లేదు. కానీ ప్రైమర్ పీకితే బిగుసుకుని వెనక్కి లాక్కుంటోంది. ట్యాంకు మూత వదులు చేయగానే బుస్సుమని గాలి లోపలికి పోయింది. సిమెంటు దుమ్ము పట్టి మూతలో గాలి రంధ్రం మూసుకుపోయింది, అంతే. బౌల్ నిండుగా ఉండి, ప్రైమర్ తేలిగ్గా ఆడుతూ, ఫిల్టర్ కూడా కొత్తదై ఉండి బండి లాగకపోతే అప్పుడు పంపు, ఇంజెక్టర్ల మీద అనుమానపడొచ్చు.

నీళ్ల సంగతిలోనూ లాభం ఉంది. నీళ్లు డీజిల్ కన్నా బరువు కాబట్టి బౌల్ అడుగున చేరి మధ్యలో గీత కనిపిస్తుంది. సగం ట్యాంకుతో రాత్రంతా నిలబెట్టినప్పుడు, డ్రమ్ముల్లో డీజిల్ పోయించినప్పుడు ఆ గీత పెరగడం చూశాను. కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి గట్టి ఒత్తిడితో డీజిల్ అందే పద్ధతి) పంపుకు డీజిలే నూనె కూడా, నీళ్లు పోతే లోపల అరుగుతుంది. బండి చల్లగా ఉన్నప్పుడు డ్రెయిన్ తిప్పి, గీత పోయేదాకా వదిలి బిగిస్తే చాలు.

ఇక లోపాలు. బౌల్ ప్లాస్టిక్ ఏడాదికే పచ్చబడింది, ఇప్పుడు టార్చి వేస్తే తప్ప లోపల కనబడదు. ప్లాస్టిక్ డ్రెయిన్ స్క్రూ చెయ్యి పెట్టి బిగించేది. మా క్లీనర్ స్పానర్ పెట్టడంతో వెంట్రుకంత చీలింది, అక్కడినుంచే మళ్లీ గాలి! గాలి పట్టుకోవడానికి పెట్టిన వస్తువే గాలి పీల్చడం మొదలుపెట్టిందన్నమాట. ఫిల్టర్ మార్చినప్పుడల్లా ‘ఓ’ రింగ్ (గుండ్రటి రబ్బరు సీలు) కూడా కొత్తది వేసి, డీజిల్ రాసి కూర్చోబెట్టాలి. చౌక ఫిల్టర్లతో వచ్చే ఓ రింగ్ నాకు సరిగ్గా కూర్చోలేదు.

పాత లారీల్లో నాజిల్ పైపు (ఇంజెక్టర్‌కు డీజిల్ వెళ్లేది) వదులు చేసి గాలి తీసే అలవాటు కామన్ రైల్ బండి మీద చూపించకండి. ఇంజన్ తిరుగుతుండగా అక్కడ వేయి బార్లు కూడా దాటగల ఒత్తిడి ఉంటుంది, ఆ చిమ్మే డీజిల్ చర్మంలోకి దిగిపోతుంది. గాలి తీయాల్సింది ప్రైమర్‌తో, ఫిల్టర్ తల మీది స్క్రూ దగ్గర.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్ 6 బండ్లకు కంపెనీ నుంచే నీళ్ల సెన్సార్‌తో సెపరేటర్ వస్తోంది. వారంటీలో ఉంటే దాని మీద ఇంకోటి తగిలించొద్దు. బీఎస్ 3, బీఎస్ 4 వాళ్లు మాత్రం కొనొచ్చు. కొనేటప్పుడు డ్రెయిన్ స్క్రూ ఇత్తడిది దొరుకుతుందేమో అడగండి, అదనంగా ఒక ఓ రింగ్ తీసుకుని టూల్ బాక్సులో పడేయండి.