తాకి చదివే బొమ్మల పుస్తకం: నాలుగేళ్ల తరువాత

పాప మూడో ఏట కొన్నాను, ఇప్పుడు దానికి ఏడేళ్లు. చూపు లేని ఒక పిల్లవాడు చుట్టూ ఉన్నవాటిని తాకి, వాసన చూసి గుర్తుపట్టే కథ. అచ్చు అక్షరాల పైన బ్రెయిలీ, ఉబ్బెత్తు గీతలతో బొమ్మలు. జాలి లేదు. ఆ పిల్లవాడు చివర్లో ఎవరినో కాపాడి మెప్పు సంపాదించాల్సిన పనీ లేదు. అందుకే కనిపించిన ప్రతివారికీ కొనమని చెప్పాను. కానుకలకని నేనే మరో ఐదు ప్రతులు కొన్నాను.

కిందటేడు మా చిన్నాన్న వచ్చారు. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు, చదువంతా బ్రెయిలీలోనే. పాప గర్వంగా పుస్తకం తెచ్చి ఒళ్లో పెట్టింది. ఆయన వేలు మొదటి వరుస మీద మూడుసార్లు వెళ్లి వచ్చింది.

"ఏ అక్షరమో తెలియడం లేదు తల్లీ."

పాప వేళ్లకు అరిగిందేమో అనుకుని, కానుకకు దాచిన ఐదో ప్రతి విప్పి ఇచ్చాను. అదీ అంతే. బ్రెయిలీ చుక్క దాదాపు అర మిల్లీమీటరు ఎత్తు ఉండాలి. ఇవి కాగితాన్ని వెనక నుంచి ఒత్తి లేపినవి కావు, పైన మెరుపు పూతతో వేసినవి. వేలు జారిపోతుంది. మూడో చుక్క అందకపోతే 'క' కాస్తా 'అ' అయిపోతుంది, ఇక చదివేదేముంది! ఈక బొమ్మ దగ్గర ఆగి, "చేప ముల్లా?" అని అడిగారు. కంటికి ఈకలా కనిపించే గీత వేలికి ఈక కాదని నాకు అప్పటిదాకా తట్టనే లేదు. గుడ్డ, ఉన్ని, గరుకు కాగితం అతికించి చేసే పుస్తకాలుంటాయని ఆయనే చెప్పారు.

పాపకు ఇప్పటికీ ఇష్టమే. చిన్నాన్నను ఏదైనా అడగడానికి అది మొహమాటపడదు. పుస్తకం వల్లో, ఆయన తరచూ వస్తూ ఉండటం వల్లో చెప్పలేను. చూపున్న పిల్లలకైతే కొనమనే అంటాను, మునుపటంత గట్టిగా కాదు. చూపు లేని పిల్లలకైతే, బ్రెయిలీ చదివేవారెవరైనా ఒక పేజీ తాకి చూశాకే కొనండి. నేను కానుకగా ఇచ్చిన ఇళ్లలో ఒకచోట చూపు సరిగా లేని బాబు ఉన్నాడు. వాళ్లు ఇంతవరకు ఏమీ అనలేదు, అదే నాకు ఇబ్బందిగా ఉంది.

పాప ఈక పేజీలో నిజమైన ఈక తెచ్చి అతికించింది. అప్పటి నుంచి పుస్తకం సరిగ్గా మూసుకోవడం లేదు.